బి గొలుసును తీసేయను

మా వీధిలో నన్ను పురుగుల డాక్టరమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది పక్కింటి పిన్ని. నాకింకా డాక్టరేట్ రాలేదని ఎన్నిసార్లు చెప్పినా వినదు, "ఇయ్యాల కాకపోతే రేపొస్తది లేవే" అంటుంది. వస్తుందో లేదో నాకు తెలియదు. ఇప్పటిదాకా ఎందుకు రాలేదో మాత్రం బాగా తెలుసు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇవన్నీ బయటపెట్టుకుంటే నీకే నష్టమని హెచ్చరించిన వాళ్లున్నారు. వాళ్లు ఆ ముక్క అనకపోయి ఉంటే బద్ధకించి ఊరుకునేదాన్నేమో.

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో బయోఇన్ఫర్మాటిక్స్ చెబుతాను. అదే కాలేజీ పై అంతస్తులో ఉన్న రీసెర్చ్ సెంటర్లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా అబ్బా మోటార్ల వైండింగ్ షాపు నడుపుతాడు. మా అమ్మీకి నేనేం చదువుతున్నానో అక్కర్లేదు, ఎప్పటికి అయిపోతుందో కావాలి. పీజీ క్లాసులు చెప్పేవాళ్లకు డాక్టరేట్ ఉండి తీరాలని మేనేజ్‌మెంట్ తేల్చి చెప్పేసింది. కాబట్టి ఆ పట్టా నాకు గోడకు తగిలించుకునే అలంకారం కాదు. అది వస్తే ఉన్న ఉద్యోగం నిలుస్తుంది, రాకపోతే పోతుంది. అది రావాలంటే నా థీసిస్ మీద మా గైడు సంతకం పడాలి.

నా పని గురించి నాలుగు ముక్కలు చెబుతాను, భయపడొద్దు, మా పిన్నికి అర్థమైంది, మీకూ అవుతుంది. మందు కొట్టినా చావని పురుగు గురించి పల్నాడులో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ పురుగు ఒంట్లో ఒక ఎంజైము ఉంటుంది. మనం కొట్టిన మందును అది పట్టుకుని, పనికిరాకుండా చేసి, బయటికి తోసేస్తుంది. ఆ ఎంజైమును కట్టడి చేయగలిగితే పాత మందే మళ్లీ పనిచేస్తుంది. ఎంజైము అంటే ప్రొటీను. ప్రొటీను అంటే ఒక పొడుగాటి గొలుసు తనలో తాను ముడుచుకుని ముద్ద అయినది. ఆ ముద్ద మీద గుంటలుంటాయి. మా ఇంట్లో పొంగణాల పెనం మీద ఉన్నట్టే, కాకపోతే ఏ రెండు గుంటలూ ఒకలా ఉండవు. ఎంజైమును ఆపే మందు ఏదైనా వచ్చి కూర్చోవాల్సింది వాటిలో ఒకదాంట్లోనే. అది ఏ గుంటో కంప్యూటర్ మీద ముందుగా పసిగట్టడమే నా పని.

ప్రొటీనులో ఒక్కొక్క పరమాణువు ఎక్కడుందో ఎక్స్-రేలతో కొలిచినవాళ్లు ఆ కొలతల్ని ఒక ఫైలుగా అందరికీ అందుబాటులో పెడతారు. మేం ఆ ఫైలు దింపుకుంటాం. మా ప్రోగ్రాం ఆ ముద్ద చుట్టూ చిన్న చిన్న గోళీల లాంటివి దొర్లించి, అవి ఎక్కడ చిక్కుకుంటాయో చూస్తుంది. చిక్కుకున్న చోటల్లా గుంట. తర్వాత ఒక్కో గుంట ఎంత లోతు, లోపలి గోడలు నీటిని దగ్గరికి రానిస్తాయా, ఇలాంటి మిగతా పురుగుల్లో కూడా ఆ చోటు మారకుండా ఉందా అని చూసి మార్కులు వేస్తుంది. చివర్లో మొదటి ర్యాంకు, రెండో ర్యాంకు అని వరుస ఇస్తుంది, మన ఇంటర్ కాలేజీల ఫ్లెక్సీల మీద లాగే. ఆ ఫ్లెక్సీలను నమ్మినట్టే ఈ వరుసనూ నమ్మేవాళ్లు చానామంది.

ల్యాబ్‌లో చేరిన కొత్తలో నాకు పని నేర్పింది ఒక సీనియర్ అక్క. అప్పటికే ఆమెకు డాక్టరేట్ వచ్చి, మా కాలేజీలోనే పాఠాలు చెబుతోంది. ప్రోగ్రాంకు ఇచ్చే ముందు ఫైలును శుభ్రం చేయాలని చెప్పింది. "ముందు ప్రొటీనుకు అంటుకున్న నీళ్లన్నీ తీసెయ్. తర్వాత బి తీసెయ్. ఎ ఒక్కటి ఉంచుకో, చాలు."

ఫైలులో రెండు గొలుసులుండేవి. ఒకదాని పేరు ఎ, రెండోదాని పేరు బి.

"బి ఏంది అక్కా?"

"అది కూడా ఎ లాంటిదేనే. రెండూ అచ్చు ఒకటే. ఒకేదాన్ని రెండుసార్లు లెక్కేయడం దేనికి?"

అసలు సంగతి ఏమిటంటే, మా ల్యాబ్ మొదలైనప్పుడున్న కంప్యూటర్లు రెండు గొలుసులు కలిపి ఇస్తే మొరాయించేవట. అందుకని ఎవరో బి తీసేశారు. కంప్యూటర్లు మారాయి. తీసేసే అలవాటు మారలేదు. ఒకరి నుంచి ఒకరికి, ఇంట్లో పోపు పెట్టడం నేర్పినట్టు నేర్పుకుంటూ వచ్చారు. అలా ఎ ఒక్కటే పెట్టి చూస్తే, ముద్దకు ఒక పక్కన పెద్ద లోతైన గుంట మొదటి ర్యాంకుతో వచ్చేది. మా ల్యాబ్‌లో అక్కతో కలిపి ముగ్గురు ఆ గుంట మీదే డాక్టరేట్లు తీసుకున్నారు. దాంట్లో ఏ మందు పడుతుంది, ఎలా పడుతుంది అని కంప్యూటర్లో వేల రసాయనాలు దూర్చి చూసి పేపర్లు అచ్చు వేయించారు. నా థీసిస్ మూడో అధ్యాయం కూడా ఆ గుంట మీదే ఉండాలని మొదటి రోజే నిర్ణయమైపోయింది.

కాలేజీలో ఏదో సెమినారుకు పోస్టర్ కావాలన్నారు. నేను పెట్టిన బొమ్మ సార్‌కు నచ్చలేదు. సార్ అంటే మా గైడు. "కొరికేసిన లడ్డూలాగా ఉందమ్మా, నిండుగా ఉండేది పెట్టు" అన్నారు. నిండుగా ఉండేది ఎక్కడి నుంచి తేవాలో తెలియక, తీసేయకుండా ఫైలు మొత్తం తెరిచాను. ఎ, బి రెండూ తెరమీదికి వచ్చాయి. ఒకటి నీలం, ఒకటి పసుపు. బొమ్మ నిజంగానే నిండుగా ఉంది. అటూ ఇటూ తిప్పుతూ, మా ల్యాబ్ గుంట ఎక్కడుందో చూపించడానికి దాని మీద ఎర్ర రంగు వేశాను. ఎరుపు కనిపించలేదు. ఇంకోసారి వేశాను. కనిపించలేదు. బి గొలుసును పారదర్శకంగా చేస్తే అప్పుడు కనిపించింది, దాని కింద. ముగ్గురికి డాక్టరేట్లు ఇచ్చిన గుంటలో బి గొలుసు భుజం పెట్టుకుని కూర్చుని ఉంది. అక్కడ మందు కాదు కదా, నీటి చుక్క పట్టే చోటు కూడా లేదు. రెండింటినీ కలిపి ప్రోగ్రాంకు ఇచ్చాను. పాత గుంట జాబితాలోనే లేదు. మొదటి ర్యాంకు ఇంకో చోటికి వెళ్లింది: ఎ, బి ఆనుకున్న చోట, ఒక గోడ దీనిది, ఇంకో గోడ దానిది. ఎ ఒక్కటే ఉంటే అది గుంట కాదు, చిన్న వాలు. రెండూ ఉంటేనే గుంట.

కొత్తది కనిపెడితే ఒళ్లు పులకరిస్తుందని అంటారు. నాకు ఒళ్లు మండింది. ఇంతమంది చదువుకున్నవాళ్లం, ఒక్కళ్లం కూడా ఫైలును ఉన్నది ఉన్నట్టు తెరిచి చూడలేదన్నమాట.

కోపం వస్తే సరిపోదు, సరిచూసుకోవాలి. ఎక్స్-రే తీయడానికి ప్రొటీనును స్ఫటికంగా గట్టిపరుస్తారు. అప్పుడు సంబంధం లేనివి కూడా బస్సులో జనంలా ఒకదానికొకటి ఆనుకుని ఉండిపోవచ్చు. ఇది అలాంటిదేనా, నిజమైన జంటేనా అన్నది తేల్చుకోవాలి. రెండూ ఆనుకున్న మేర కొలిచాను, చాలా ఎక్కువ. ఆ మేరలో ఉన్నవన్నీ గొలుసులోని నీళ్లంటే గిట్టని ముక్కలు, అంటే లోపల దాక్కోవడానికే పుట్టినవి. వేరే పురుగుల్లో ఇదే రకం ఎంజైముల ఫైళ్లు తెరిచాను, అవీ జంటలే, అదే పద్ధతిలో. చివరికి ఈ ప్రొటీనును మొట్టమొదట కొలిచినవాళ్ల పేపరు తీశాను. ఈ ఎంజైము నీళ్లలో కూడా జంటగానే ఉంటుందని వాళ్లు సంగ్రహంలోనే రాసి పెట్టారు. దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. మా ల్యాబ్‌లో ఫైలు అందరూ దింపుకున్నారు, పేపరు ఎవరూ దింపుకోలేదు.

సార్ దగ్గరికి వెళ్లాను. సార్ చెడ్డవారు కాదు. అబ్బాకు ఒంట్లో బాగాలేనప్పుడు నా క్లాసులు తనే చెప్పి నన్ను ఇంటికి పంపిన మనిషి. అందుకే మొదట ఆయనకే చెప్పాను, ఇంకెవరికీ చెప్పలేదు.

"సార్, బి ఉంటే మన గుంట లేదు."

"ఎక్కడికి పోయింది?"

"బి దాంట్లోనే కూర్చుంది సార్."

లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. చాలాసేపు చూశారు. స్ఫటికంలో ఇరుక్కుని ఉంటాయిలే అన్నారు. నేను చూసుకున్నవన్నీ ఒకటొకటిగా చెప్పాను. పేపరులో ఆ వాక్యం చూపించాను. అద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకోలేదు.

"సరే, ఇప్పుడేం చేద్దామంటావు? ముగ్గురు దాని మీద డాక్టరేట్లు తీసుకున్నారు. పేపర్లు అచ్చయినాయి."

"తప్పని ఇంకో పేపరు రాద్దాం సార్. ఎవరో రాయడం కంటే మనమే రాసుకుందాం."

"బుద్ధుండే మాట్లాడుతున్నావా? మన నోట్లో మనమే మట్టి కొట్టుకుందామా?"

ఆ తర్వాత ఆయన గొంతు తగ్గించి, నా మంచి కోరే మనిషిలాగే ఒక దారి చెప్పారు. మూడో అధ్యాయంలో పాత గుంట అలాగే ఉంచాలి. జంట సంగతి చివర్లో భవిష్యత్తులో చేయాల్సిన పని అని రెండు వాక్యాల్లో రాయాలి. అప్పుడు సంతకం పెట్టేస్తారు. పట్టా చేతికి వచ్చాక నేను ఏం చెప్పుకున్నా ఆయనకు అభ్యంతరం లేదు.

"లేని గుంటను ఉందని ఎలా రాయను సార్?"

"అందరూ రాశారుగా."

ఆ మాట దగ్గర నాకు ఆయన మీద ఉన్న కృతజ్ఞత అంతా ఒక్కసారి బరువైపోయింది. వాళ్లు తెలియక రాశారు. నేను తెలిసి రాయాలట.

ఇంట్లో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అబ్బా అన్నం తింటూ, "పెద్దవాళ్లతో పెట్టుకోకు బేటీ, ముందు సంతకం అయిపోనీ" అన్నాడు. అమ్మీకి ఇంకా కోపం. "ఆయన రాయమన్నది రాస్తే నీ చెయ్యి అరిగిపోద్దా? ఉద్యోగం పోతే ఏం చేస్తావే?" అంది. గోడ అవతలి నుంచి వింటున్న పిన్ని ఊరుకోలేక లోపలికే వచ్చేసింది. సంగతంతా విని నవ్వింది. "చూశావటే, పురుగు ఒంట్లో ఎంజైముక్కూడా జంట కావాలంట. నువ్వేమో పెళ్లి వద్దంటావు!"

అమ్మీ కూడా నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు, తర్వాత వచ్చింది. మీలో ఎవరికైనా ఇప్పటికే ఆ పోలిక తట్టి ఉంటే, దయచేసి అక్కడే వదిలేయండి. ప్రొటీన్లు పెళ్లిళ్లు చేసుకోవు. నేను బి గొలుసును వెనకేసుకొచ్చింది అది అక్కడ ఉంది కాబట్టి, అంతే.

ఆ ఆదివారం ఈపూరు దగ్గర మా మామూ వాళ్లింటికి వెళ్లాం. కౌలుకు తీసుకున్న చేలో మిరప వేశాడు. మందు కొట్టే తైవాన్ పంపు వీపున వేసుకుని అప్పుడే వచ్చాడు, ఒళ్లంతా మందు వాసన. కాళ్లు కడుక్కుంటూ, "ఏందమ్మా, నీ కంప్యూటర్ ఏం చెప్పింది?" అని అడిగాడు. ఇన్నేళ్లూ చూసింది తప్పుడు గుంట అని చెప్పాను. ఆయనేదో గొప్ప మాట అంటాడని, అది నాకు బలమిస్తుందని అనుకున్నాను కాబోలు. "మీరంతా కలిసి అసలు గుంట కనిపెట్టేలోపు పురుగు ఇంకో ఎంజైము తెచ్చుకుంటది పో" అని పకపకా నవ్వి టీ అడిగాడు. బలం లేదు, ఏమీ లేదు. తిరుగు బస్సులో మాత్రం ఒకటి అనిపించింది. ఆయన నవ్వడానికి హక్కుంది. ఇన్నేళ్లూ ఆయన పురుగు పేరు చెప్పుకుని మేం పేపర్లు అచ్చు వేసుకున్నాం. ఇప్పుడు తెలిసి కూడా ఇంకొకటి వేసుకుంటే, దాన్ని ఆయన ముందు ఏ మొహం పెట్టుకుని పని అంటాను?

మూడో అధ్యాయం తిరగరాశాను. ఎ, బి రెండూ ఉంచి చేసినదే రాశాను. పాత గుంట ఎందుకు తప్పో బొమ్మతో సహా పెట్టాను. మా ల్యాబ్ పేపర్లను పేరుపేరునా ప్రస్తావించాను. థీసిస్ ఇచ్చే ముందు ఒక సెమినార్ ఉంటుంది, కమిటీ ముందు మొత్తం పని చెప్పాలి. సార్ ముందు రోజు పిలిచి ఆ బొమ్మ తీసేయమన్నారు. తీసేయలేదు.

సెమినార్ హాల్లో ఆ బొమ్మ తెరమీదికి వచ్చింది. తడబడకుండా చెప్పాను, అది నాకు ఇప్పటికీ గర్వమే. పాత గుంట ఇది, దీంట్లో బి కూర్చుని ఉంది, కాబట్టి ఇది గుంట కాదు అన్నాను. రెండో వరుసలో కూర్చున్న సీనియర్ అక్క తల దించుకుని ఫోన్ చూసుకుంటోంది. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కమిటీకి అధ్యక్షుడు, విసుగ్గా కదిలారు.

"అమ్మా, ఇది ప్రిడిక్షనే కదా. ఎవరూ చేసి చూసింది కాదు. దీనికింత పట్టుదల దేనికి?"

"చేసి చూడనిది కాబట్టే సార్. దీన్ని నమ్మి రేపు ఎవరో ఒకరు చేసి చూస్తారు. వాళ్ల టైము, వాళ్ల కష్టం మనం చూపించిన గుంటలో పోస్తారు. అది అక్కడ లేదని మనకు తెలిసి కూడా చూపిస్తే దాన్ని ప్రిడిక్షన్ అనరు."

"మరేమంటారు?"

"అబద్ధం అంటారు సార్."

సార్ లేచి, ఈ అధ్యాయానికి తాను బాధ్యత తీసుకోనని ఇంగ్లిషులో చెప్పి కూర్చున్నారు. కమిటీ గుసగుసలాడుకుంది. గైడు ఒప్పుకునేలా మార్చుకుని మళ్లీ రమ్మన్నారు. అంటే రావద్దని.

బయట మెట్ల దగ్గర అక్క నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "నీకు నేనేం అన్యాయం చేశానే? పని నేర్పినందుకా? అందరి ముందూ నా పేపరు బొమ్మేసి చూపిస్తావా?" ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నీ డాక్టరేట్ ఎవరూ పీక్కోరక్కా, నీ తప్పు కాదు, నీకూ అలాగే నేర్పారు అన్నాను. చెయ్యి వదిలేసి వెళ్లిపోయింది. కొన్ని రోజులకు నా ఫోన్‌కు ఒక బొమ్మ పంపింది. మాట ఏమీ లేదు, బొమ్మ ఒక్కటే. ఎ, బి రెండూ పెట్టి తను కూడా చేసి చూసుకుంది. పాత గుంట లేదు. అంటే ఆమెకు తెలుసు. ఆ బొమ్మ సార్‌కు పంపలేదు, కమిటీకి పంపలేదు, నాకు పంపింది. దానికి నేను సంతోషించాలో ఏమో నాకు తెలియదు. ఇప్పటికీ కోపంగానే ఉంది. ఆ హాల్లో ఆమె ఒక్క మాట అని ఉంటే నేను ఒంటరిదాన్ని అయ్యేదాన్ని కాదు.

సార్ ఆఖరుసారి పిలిచారు. టేబుల్ మీద నా థీసిస్, పక్కన మూత తీసిన పెన్ను. పాత అధ్యాయం పెట్టి తెస్తే అప్పటికప్పుడే సంతకం పెట్టేస్తానన్నారు. ఆయన మొహంలో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. అది కోపం కంటే కష్టం.

"నా సంతకం లేకుండా నీకు పట్టా రాదు. తెలుసుగా?"

"తెలుసు సార్. కానీ మీరు సంతకం పెట్టినా ఆ గుంట అక్కడికి రాదు."

థీసిస్ తీసుకుని బయటికి వచ్చేశాను. మెట్లు దిగుతూ ఏడ్చాను, దాచేదేముంది. ఏడ్చినంత మాత్రాన మనసు మార్చుకున్నట్టు కాదు.

పీజీ క్లాసులు నా నుంచి తీసేశారు. ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్లకు కంప్యూటర్ ఎలా తెరవాలో చెబుతున్నాను. వచ్చే ఏడాదికి అది కూడా ఉంటుందని ఎవరూ అనడం లేదు. వేరే యూనివర్సిటీల్లో గైడుల కోసం అడుగుతున్నాను. నా పనంతా, ఫైళ్లు, కొలతలు, బొమ్మలు సహా, పరిశోధకులు అచ్చుకు ముందే తమ పేపర్లు పెట్టుకునే చోట ఆన్‌లైన్లో పెట్టేశాను. కాలేజీ పేరు వాడొద్దన్నారు. వాడలేదు. నా పేరు కింద నరసరావుపేట అని ఊరి పేరు రాసుకున్నాను. దానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

మొన్న వేరే రాష్ట్రంలోని ఒక ల్యాబ్ నుంచి మెయిల్ వచ్చింది. వాళ్ల దగ్గర ఆ ఎంజైము తయారుగా ఉందట. మీరు చెప్పిన గుంట నిజమైతే గొలుసులో ఏ ముక్కలు మారిస్తే దాంట్లో కూర్చున్న మందు పట్టు తప్పుతుందో చెప్పండి, మేం మార్చి చూస్తాం అన్నారు. ఇన్నేళ్లలో నన్ను ఎవరైనా అడిగిన మొదటి అసలైన ప్రశ్న అది. ఒక రోజంతా కూర్చుని, ఒకటి ఈ గోడలోది, ఒకటి ఆ గోడలోది, రెండు ముక్కల పేర్లు పంపాను. అవి మార్చినా పట్టు తప్పకపోతే నేను తప్పు. అది కూడా అదే మెయిల్లో రాశాను.

ఈ సంగతి కాలేజీలో తెలిసిపోయింది. నిన్న స్టాఫ్ రూములో అక్క నా పక్కన వచ్చి కూర్చుంది. చాలా రోజుల తర్వాత. తనంతట తను రాలేదని కూర్చున్న తీరులోనే తెలుస్తోంది.

"సార్ అడగమన్నారు. వాళ్లు చేసి చూసి నీదే తప్పంటే అప్పుడేం చేస్తావంట?"

"నాదే తప్పని నేనే రాస్తానని చెప్పక్కా. నా పేరు మీదే, ఆయన్ని అడక్కుండానే."